డాడీ డ్యూటీ రోజు ఒక్కటే జడ

(హన్మకొండలో నెలకోసారి కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకునే మిత్రుల దగ్గర చేసిన ప్రసంగం. ఫోన్ రికార్డింగు విని రాసుకున్నది. మైకు కీచుమన్న చోట్లు, నేను నీళ్లు తాగిన చోట్లు తీసేశాను. మిగతాది మాట్లాడినట్టే ఉంచాను.)

అందరికీ నమస్తే. వెనక వరుస దాకా వినబడుతుందా? సరే.

మొదట ఒక పరిచయం. ముందు వరుసలో రెండు కుర్చీలు దగ్గరికి లాక్కొని కాళ్లు చాపుకొని కూర్చున్న ఆ మనిషి మా బిడ్డ. ఒకటో తరగతి. వాళ్లమ్మ నర్సు, ఈ రోజు ఈవినింగ్ డ్యూటీ పడింది. మా బాపుకు అప్పజెప్పి వద్దామనుకున్నా, అసలు ఆయన్ని కూడా రమ్మన్నా, "నువ్వు చెప్పేది నా మీదనే గదా, నేనొచ్చి ఏం చెయ్యాలె" అని భజనకు పోయిండు. అందుకని ఈమెను వెంట తెచ్చుకున్నాను. ఒక సమోసా, ఒక మ్యాంగో జ్యూస్, అదీ మా ఒప్పందం. సమోసా ఇప్పటికే అయిపోయింది, జ్యూస్ అయిపోయేలోపు నేను ముగించాలి.

(నవ్వులు)

ఈ నెల నేను తెచ్చింది జిమ్ గాఫిగన్ రాసిన 'డాడ్ ఈజ్ ఫ్యాట్'. ఆయన అమెరికాలో స్టాండప్ కమెడియన్, అంటే పక్కన జోడీ లేకుండా, వేషం లేకుండా, మైకు ఒక్కటి పట్టుకొని గంటసేపు ఒక్కడే నవ్వించే పని. ఎక్కువ తిండి మీద, తన బద్ధకం మీద జోకులు వేస్తాడు. 2013లో ఈ పుస్తకం వచ్చేనాటికి ఆయనకు ఐదుగురు పిల్లలు. ఐదుగురు పిల్లలు, మొగుడూ పెళ్లాం, మొత్తం ఏడుగురు, న్యూయార్క్‌లో మన్‌హాటన్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో. పుస్తకమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. నాకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. పేరు చూసే కొన్నాను, నన్నే పిలిచినట్టు అనిపించింది.

కమెడియన్లు నాన్నతనం మీద పుస్తకాలు రాయడం అక్కడ కొత్తేం కాదు, 1986లో బిల్ కాస్బీ రాసిన 'ఫాదర్‌హుడ్' లక్షల కాపీలు పోయింది. ఆ తర్వాత ఎంతోమంది ఆడవాళ్లు ఆయన మీద ఆరోపణలు చేయడం, 2018లో దోషి అని తేలడం, 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేయడం ఇవన్నీ జరిగాయి. ఆ పుస్తకం చదువుతుంటే నవ్వు గొంతులో ఆగిపోతుంది, అందుకే అది తేలేదు. అంతకంటే దాని గురించి చెప్పను.

ఇక ఈ పేరు. ఆయన కొడుకు అక్షరాలు నేర్చుకుంటూ తెల్లబోర్డు మీద మొట్టమొదటిసారి ఒక పూర్తి వాక్యం రాశాడట. ఆ వాక్యం ఇది. నాన్న లావు. ఇంగ్లీషులో మూడే ముక్కలు, తప్పుల్లేవు. ఆయన దాన్ని తీసుకొచ్చి పుస్తకం అట్ట మీద పెట్టుకున్నాడు. మనం చిన్నప్పుడు పలక మీద "బాపు లావు" అని రాసి ఉంటే ఆ పలక పగిలేది. దేని మీద పగిలేదో పిల్లల ముందు చెప్పను.

నా లావు సంగతి కూడా చెప్పాలి, పేరు చూసి కొన్నానని ఒప్పుకున్నాను కదా. ఇంటర్ చదివేటప్పుడు నాకు పచ్చకామెర్లు ముదిరితే మా అమ్మ సమ్మక్కకు మొక్కింది, పిలగాడు లేచి తిరిగితే నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ అని. బయటి ఊళ్ల వాళ్లు ఉంటే చెప్తున్నా, కంగారు పడకండి, మేడారంలో బంగారం అంటే బెల్లం. అప్పుడు నేను నలభై ఏడు కిలోలు. నేను లేచి తిరిగాను గాని ఇంట్లో పైసలు తిరగలేదు, మొక్కు వాయిదా పడింది. జాతర రెండేళ్లకోసారి కాబట్టి "వచ్చే జాతరకు" అన్నామంటే రెండేళ్లు నిమ్మళం. అట్లా అనుకుంటూ అనుకుంటూ 2024 ఫిబ్రవరి జాతర దాకా వచ్చాం. బెల్లం దుకాణంలో పెద్ద తరాజు, ఒక పళ్లెంలో నేను కూర్చున్నాను, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, రెండో పళ్లెంలో దుకాణాయన బెల్లం ముద్దలు పెడుతున్నాడు, పెడుతూనే ఉన్నాడు, నేను కదలను. మా అమ్మ చూసి చూసి, "గప్పుడే ఇచ్చేదుండె, సగంల పోయేది" అన్నది. ఇదిగో ఈమెకు అప్పుడు నాలుగున్నర ఏళ్లు, దుకాణంలో అందరికీ వినబడేటట్టు, "డాడీ ఇంకా లేస్తలేడు!" అని అరిచింది. ఎనభై ఆరు కిలోలకు లేచాను.

(నవ్వులు)

అప్పుడు నాకు ఏమనిపించిందంటే, నిజం చెప్పాలంటే మస్తు సిగ్గయింది. ఇంటికి వచ్చి రాత్రి ఈ పుస్తకం మళ్లీ తీశాను.

తెలుగులో నాన్న మీద నవ్వు అంటే నాకు ముందు గుర్తొచ్చేది బుడుగు. నాన్నను "గోపాళం" అని పేరు పెట్టి పిలిచే పిల్లవాడు. కానీ అక్కడ నవ్వేది కొడుకు. బారిస్టరు పార్వతీశం తన మీద తానే నవ్వుకుంటాడు, కానీ రైలెక్కేటప్పటికి, ఓడెక్కేటప్పటికి ఆయన ఇంకా పిల్లల తండ్రి కాదు. తండ్రి అయినాక, ఆ తండ్రి హోదాలోనే కూర్చొని, ఇదిగో నాకు ఈ పని చేతకావడం లేదు అని పుస్తకం నిండా చెప్పుకున్న మగవాడు మన దగ్గర నాకు పెద్దగా తగల్లేదు. మీకు తగిలితే చెప్పండి, చదువుతాను.

గాఫిగన్ పుస్తకంలో నాకు బాగా నచ్చింది పిల్లల్ని పడుకోబెట్టే భాగం. రెండు గదులు, ఐదుగురు పిల్లలు, ఒకర్ని జోకొడితే ఇంకొకరు లేస్తారు, ఎవరిని ఎక్కడ, ఎవరి తర్వాత ఎవరిని అని రాత్రి రాత్రి ఒక యుద్ధం. చదువుతూ నేను ఏమనుకున్నానంటే, రెండు గదులు అనగానే అమెరికా వాళ్లకు జాలి కలుగుతుందేమో గాని మనకు కలగదు కదా. మేం పెరిగింది రెండర్రల ఇల్లే. బాపు, అమ్మ, నాయినమ్మ, ఇద్దరు అక్కలు, నేను. కింద బొంతలు వరసగా పరిచేది, గోడ పక్క నాయినమ్మ, అంతే, జోకొట్టుడు లేదు ఏమీ లేదు, లైటు బందు పెడితే పడుకున్నట్టే. అంత ఇరుకులో కూడా బాపుతో ఇరుకు అనిపించేది కాదు. ఎందుకు అని ఆలోచిస్తే, ఆయన ఇంట్లో ఉంటే కదా. డ్యూటీకి పోతే మిల్లు. డ్యూటీ దిగితే వాడకట్టు హోటల్లో చాయ్. రాత్రికి బయట నులకమంచం. ఇల్లు చిన్నది, ఇంట్లో బాపు జాగా అంతకన్నా చిన్నది. గాఫిగన్‌కు తప్పించుకుపోయేందుకు బయట నులకమంచం లేదు, ఆయన కామెడీ అంతా అక్కడి నుంచే పుట్టింది అంటాను నేను.

మిల్లు అన్నాను. ఆజంజాహి మిల్లు. 1934లో నిజాం కాలంలో పెట్టింది, 2002లో పూర్తిగా మూతపడింది. మా బాపు నూలు వడికే ఖాతాలో పనిచేసేవాడు. ఇంటికి వస్తే వెంట్రుకల్లో, కనుబొమ్మల మీద తెల్లగా దూది నూగు ఉండేది, నాకు చిన్నప్పుడు బాపు పొద్దున నల్లగా పోయి సాయంత్రం ముసలాడై వస్తాడనిపించేది.

మనది నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు. 1932లో ఇక్కడ పుట్టిన మనిషి, మిమిక్రీ అంటే ఏదో పిట్టకూతలు కాదు, అదొక విద్య అని ఒప్పించిన మనిషి, 2001లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయారు. పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీద ప్రాంగణం ఉంది, అందరం చూసిందే. ఆయన వల్ల మా వాడలో ప్రతి పోరడూ మిమిక్రీ చేసేవాడు, మా ఈడు వాళ్లకు అదొక రోగం. అందరూ సినిమా యాక్టర్లను చేస్తే నేను మా బాపును చేసేవాణ్ని. నాకు పదేళ్లు ఉంటాయి. ముందు సైకిల్ స్టాండు పడిన చప్పుడు, టక్. తర్వాత హ్యాండిల్‌కు తగిలించిన టిఫిన్ డబ్బా గలగల. తర్వాత మూడు దగ్గులు, రెండు చిన్నవి, ఒకటి పొడుగు. తర్వాత "ఎవల్రా పగటీలి లైటు ఏసింది." అంతే నా ఐటం. అక్కలిద్దరూ కడుపు పట్టుకొని నవ్వేవాళ్లు.

ఒకరోజు మూడో దగ్గు దగ్గర అక్కలు నవ్వడం ఆపేశారు. నేను బాగా రాలేదేమో అనుకొని మళ్లీ దగ్గాను. అప్పుడు తలుపు దిక్కు చూశాను. బాపు కడప మీద నిలబడి ఉన్నాడు, చేతిలో డబ్బా. సైకిల్ పంచరైతే నడుచుకుంటూ వచ్చాడంట, అందుకే టక్ వినబడలేదు. నేను గోడకు ఆనుకొని, చెంప ఏ వైపు ఇవ్వాలా అని చూస్తున్నాను. ఆయన డబ్బా కింద పెట్టి, "పైనుంచి దగ్గుతున్నవు. కింది నుంచి రావాలె" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

(కాసేపు నవ్వులు)

నేనూ ఇదే నవ్వుతూ చెప్పేవాణ్ని, పెళ్లిళ్లలో, దోస్తుల దగ్గర, ఏళ్ల తరబడి. తర్వాత, మిల్లు మూతపడి చాలా ఏళ్లకు, బాపును డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "ఏం పని చేసేవాళ్లు?" అని అడిగాడు. మిల్లుల అన్నాడు బాపు. దూది దుమ్ము ఏళ్లకేళ్లు పీలిస్తే ఊపిరితిత్తులు ఇట్లాగే అవుతాయని డాక్టర్ చెప్పాడు, మా బాపుకు ఆ మాట కొత్త కాదు, నాకే కొత్త. కింది నుంచి రావాలె అంటే అర్థం ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయన కోప్పడలేదు, జోకు వేయలేదు, ఉన్న సంగతి చెప్పాడు. గాఫిగన్ లాంటివాడు అయితే దాని మీద ఒక అధ్యాయం రాసేవాడు. మా బాపు ఒక్క వాక్యం చెప్పి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

"డాడీ, అయిపోయిందా?"

ఇంకా జ్యూస్ ఉంది కదా బిడ్డా. కొంచెం కొంచెం తాగు.

(నవ్వులు)

గాఫిగన్ పిల్లలు ఇంట్లోనే పుట్టారు. దవాఖానకు పోకుండా, ఇంట్లో పురుడు. అక్కడ అదొక వింత, జనం నోరు తెరిచి అడుగుతారు, దాన్ని ఆయన బాగా నవ్విస్తూ రాశాడు. మా నాయినమ్మ ఏడుగురిని ఇంట్లోనే కన్నది, మంత్రసాని వచ్చింది, పోయింది, ఎవరూ పుస్తకం రాయలేదు. ఇప్పుడు మనం దానికి పూర్తిగా అటు పక్కకు వచ్చాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. కానీ ఇంట్లో పుట్టినా, ఆపరేషన్‌తో పుట్టినా ఒక్కటి మాత్రం మారలేదు, మన దగ్గర తండ్రి అక్కడ ఉండడు. గాఫిగన్ పక్క గదిలోకి కూడా పోలేడు. నేనెక్కడున్నాను? అత్తగారింట్లో ప్లాస్టిక్ కుర్చీలో.

ఇది గమ్మత్తు సంగతి. తొలి కాన్పు తల్లిగారింట్లో. ఏడో నెలలో శ్రీమంతం చేసి మా ఆవిడను జగిత్యాల తోలిచ్చాం, పాప పుట్టినాక ఐదో నెలలో తిరిగి వచ్చింది. ఆ మధ్యలో నేను తండ్రిని కాదు, అల్లుణ్ని. ఆదివారం ఆదివారం బస్సులో పోయేది, అంగీ ఇస్త్రీ చేసుకొని. కుర్చీ వేసేవాళ్లు, చాయ్ ఇచ్చేవాళ్లు, కోడి కోసేవాళ్లు. పాపను చూడాలంటే బట్టల దుకాణంలో పట్టుచీర చూపించినట్టు మా అత్తమ్మ రెండు చేతుల మీద తెచ్చి చూపించి, "మెడ నిలవలే బిడ్డా, పైలం" అని, నేను చేతులు చాపేలోపే మళ్లీ లోపలికి తీసుకుపోయేది. లోపల స్నానం జరుగుతోంది, అమ్మమ్మ పీట మీద కూర్చొని కాళ్ల మీద పండబెట్టుకొని పోసేది, సాంబ్రాణి పొగ నా కుర్చీ దాకా వచ్చేది, పొగ వరకే నా వాటా. ఇరవై ఒకటో రోజు తొట్టెల్లో వేసి పేరు పెట్టేటప్పుడు పేరు చెవిలో చెప్పమని ముందుకు తోస్తే, ఏ చెవి అని అడిగాను.

(నవ్వులు)

కాన్పు సర్కారు దవాఖానలోనే అయింది, 2019 ఆగస్టు. అప్పుడు కేసీఆర్ కిట్ ఉండేది, 2017లో మొదలైంది కదా. పదహారు వస్తువులు. తల్లికి చీరలు, పాపకు దోమతెర, సబ్బులు, నూనె, పౌడరు, బట్టలు, ఆట బొమ్మలు. డబ్బులు వేరే, మగపిల్లగాడైతే పన్నెండు వేలు, ఆడపిల్లయితే పదమూడు వేలు. నేను ఆ సంచి మొత్తం మంచం మీద గుమ్మరించి ఒక్కొక్కటీ తీసి చూశాను. తండ్రికి ఏమీ లేదు. ఒక దస్తీ కూడా లేదు. సర్కారుకు తెలుసు, ఈయన ఆదివారం వచ్చి కోడికూర తిని పోతాడని.

ఇప్పుడు పుస్తకంలో నాకు నచ్చనిది చెప్తా, లేకపోతే అమ్ముకోవడానికి వచ్చినట్టుంటుంది. "నాన్నకు ఏమీ రాదు" అనే జోకు. డైపర్ మార్చడం రాదు, సంచి సర్దడం రాదు, ఎవరికి ఏ మందో తెలియదు, అన్నీ ఆమెకే తెలుసు. మొదటి యాభై పేజీలు నవ్వొస్తుంది. తర్వాత నాకు అనుమానం వచ్చింది, ఈ రాకపోవడం చాలా సౌకర్యంగా ఉందే అని. నాకు జడ వేయడం రాదు అని నేను మైకులో చెప్తే మీరందరూ నవ్వుతారు, పైగా ఎంత నిజాయితీ అంటారు. మా ఆవిడ తన వార్డులో నిలబడి నాకు సెలైన్ పెట్టడం రాదు అంటే ఎవరన్నా నవ్వుతారా?

జడ సంగతి ఉత్తగా అనలేదు. మా ఆవిడకు మార్నింగ్ డ్యూటీ ఉంటే ఏడింటికల్లా పోతుంది, స్కూల్ ఆటో ఏడూ యాభైకి వస్తుంది. ఆ యాభై నిమిషాల్లో స్నానం, పాలు, డబ్బా ఒక ఎత్తు, జడలు ఒక ఎత్తు. స్కూల్లో రెండు జడలు ఉండాలి, మడిచి రిబ్బన్ కట్టాలి. దువ్వెన కొసతో నెత్తి మీద నుంచి మెడ దాకా పాపిడి గీయాలి, అది సక్కగా రావాలంటే కూర్చున్న మనిషి కదలొద్దు, ఈమె కార్టూన్ చూస్తూ కదులుతుంది. ఎడమ జడ వేస్తాను. మూడు పాయలు, అది బాగానే వస్తుంది, నులకమంచం అల్లడం తెలిసినవాణ్ని. కుడిది మొదలుపెట్టేటప్పటికి ఎడమది వదులవుతుంది. రబ్బర్ బ్యాండు మూడు చుట్లు తిప్పితే తెగుతుంది, రెండు తిప్పితే జారుతుంది. తీరా రెండూ వేసి చూస్తే ఒకటి చెవి మీద, ఒకటి భుజం మీద, కావడికుండలు ఎగుడుదిగుడు అయినట్టు. ఆటో హారన్ కొడుతుంది. అప్పుడు రెండూ విప్పేసి, మొత్తం వెనకకు లాగి ఒక్క జడ వేసి పంపిస్తాను.

ఒకరోజు టీచర్ అడిగిందంట, ఏమమ్మా వారంలో రెండు మూడు రోజులు నీకు ఒక్కటే జడ ఉంటుంది ఎందుకు అని. ఈమె ఏం చెప్పిందంటే, "గియ్యాల డాడీ డ్యూటీ టీచర్." పేరెంట్స్ మీటింగ్‌లో ఆ టీచర్ నాకు ఇది నవ్వుతూ చెప్పింది. గాఫిగన్ కొడుకు బోర్డు మీద రాశాడు, మా బిడ్డ నోటితో చెప్పింది, అంతే తేడా.

గాఫిగన్‌కు న్యాయం చేయాలి. ఆయన భార్య జీనీ, ఆయన జోకులు రాయడంలో ఆమెది సగం చేయి, ఇది ఆయన దాచడు, పుస్తకంలోనూ ఇల్లు నడిపేది ఆమె అని పదేపదే చెప్తాడు. కానీ చెప్పడం వేరు, మీద పడటం వేరు. 2017లో ఆమెకు మెదడులో కణితి ఉందని తేలింది. పెద్ద ఆపరేషన్, చాలా రోజులు నోటితో తినే వీలు కూడా లేదు. ఇంట్లో ఐదుగురు పిల్లలు. నాకు ఏమీ రాదు అని పుస్తకం అమ్ముకున్న మనిషికి ఒక్కసారి అన్నీ రావాల్సి వచ్చాయి. ఆమె కోలుకుంది, తర్వాత తానే దాని మీద పుస్తకం రాసింది. ఆయన 2018లో చేసిన షోలో ఆ రోజుల్ని కూడా జోకులు చేసి చెప్పాడు. ఆ షో చూశాక నేను ఈ పుస్తకం మళ్లీ చదివితే, ఇంతకుముందు నవ్విన చోటల్లా నాకు కొంచెం భయమేసింది. ఆరు నెలలుగా కుడి జడ ప్రాక్టీసు చేస్తున్నాను, అది వేరే సంగతి.

ప్రశ్నలకు ఐదు నిమిషాలు ఉన్నాయంటున్నారు. ఎవరన్నా?

(వెనక నుంచి ఒక పెద్దమ్మ: ఆయనకు ఐదుగురు అంటున్నవు. నీకు ఒక్కతేనా బిడ్డా? ఇంకొకరిని కనరా?)

(నవ్వులు)

పెద్దమ్మా, గాఫిగన్‌ను అక్కడ జనం ఐదుగురు ఎందుకయ్యా అని అడుగుతారంట. నన్ను ఇక్కడ ఒక్కతే ఎందుకని అడుగుతున్నారు. సరైన సంఖ్య ఎంతో ఎవరూ చెప్పరు. నా జవాబు ఏంటంటే, ఇంకొకరు వస్తే నాలుగు జడలు అవుతాయి పెద్దమ్మా.

ఇంకా ఎవరన్నా? జ్యూస్... అయ్యో, పడుకున్నది. ఎప్పుడు పడుకున్నది? ఎవరన్నా చూశారా? ఉష్, చప్పట్లు కొట్టకండి, దయచేసి కొట్టకండి, లేస్తే ఇక రాత్రి పదకొండింటి దాకా నాకు జాగారమే.

నేను బండి మీద వచ్చాను. నిద్రపోయిన మనిషిని వెనక కూర్చోబెడితే ఒక పక్కకు ఒరుగుతుంది, ముందు కూర్చోబెడితే హ్యాండిల్ తిరగదు. అక్కా, మీ చున్నీ జర ఇస్తారా? నడుముకు కట్టుకుంటాను, రేపు పొద్దున తెచ్చిస్తా. అన్నా, నువ్వు కాళ్ల దిక్కు పట్టు. తల నేను పట్టుకుంటా. మెల్లగా, మెల్లగా, జడ కుర్చీకి ఇరుక్కుంది, ఆగు.